ఆటోమేటిక్ కారు మొరాయిస్తే న్యూట్రల్ ఎలా?

(సాలువాలో జరిగిన మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో రోడ్డు భద్రత అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



రోడ్డు భద్రత గురించి మాట్లాడమన్నారు. హెల్మెట్, సీటు బెల్టు, తాగి నడపకూడదు అనే మాటలు మీకందరికీ తెలుసు. తెలియనివాళ్లకు చెప్పినట్టు నేను చెప్పడం, కొత్తగా విన్నట్టు మీరు తల ఊపడం ఇద్దరికీ శ్రమే. అందుకని ఈ కాసేపూ ఒకే ఒక్క అక్షరం గురించి మాట్లాడతాను. ఆటోమేటిక్ కారులో గేర్ లివర్ పక్కన పీ, ఆర్, ఎన్, డీ అని రాసి ఉంటుంది కదా, అందులో ఎన్. న్యూట్రల్.

ఇదే ఎందుకంటే, ఇందాక బయట నిలిపిన కార్లు చూశాను. సగానికి సగం క్లచ్ లేని బండ్లే. స్టాఫ్ కారు లోను వచ్చాక, అందులోనూ ఇంట్లో ఆడవాళ్లు, రిటైరైన నాన్నగార్లు కూడా నడపడం మొదలుపెట్టాక మన ఇళ్లలో ఆటోమేటిక్‌లు బాగా పెరిగాయి. మంచిదే. ఒకప్పుడు ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు పండక్కి ఊరెళ్లాలంటే రైలు తప్ప మరో ఆలోచన ఉండేది కాదు. ఇప్పుడు పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే బాలాసోర్, భువనేశ్వర్ మీదుగా ఇచ్ఛాపురం దిగి, శ్రీకాకుళమో విశాఖో చేరుకుంటున్నాం. అంత దూరం నడిపే మనం డీ లో పెట్టి వెళ్తాం, పీ లో పెట్టి దిగుతాం, ఆర్ లో వెనక్కి తీస్తాం. ఎన్ మాత్రం దారిలో వచ్చే చిన్న స్టేషన్ లాంటిది. మన బండి అక్కడ ఆగదు. ఎక్స్‌ప్రెస్!

ఆ చిన్న స్టేషన్‌లో ఆగడం తెలియక ఏం జరిగిందో ఒక నిజమైన ఉదంతం చెబుతాను. మన దేశంలోది కాదు, అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, శాన్ డియాగో దగ్గర శాంటీ అనే ఊరు. 2009 ఆగస్టు 28. మార్క్ సేలర్ అనే హైవే పట్రోల్ అధికారి తన సొంత కారు సర్వీసుకిచ్చి, డీలరు తాత్కాలికంగా ఇచ్చిన లెక్సస్ ఈఎస్ 350 కారులో భార్య, కూతురు, బావమరిదితో కలిసి వెళుతున్నారు. యాక్సిలరేటర్ కిందికి దిగి అక్కడే ఉండిపోయింది. గంటకు 160 కిలోమీటర్లు దాటిన వేగం. వెనక సీట్లోంచి అత్యవసర నంబరుకు ఫోన్ చేసి బ్రేకులు పనిచేయడం లేదని చెబుతుండగానే రోడ్డు చివరికి వచ్చేసింది. నలుగురూ చనిపోయారు. నడుపుతున్నది ఎవరో కొత్తగా నేర్చుకున్న మనిషి కాదు, రోడ్డు మీదే ఉద్యోగం చేసే అధికారి. కారణం ఏమిటని చూస్తే, ఆ కారుకు సరిపోని, వేరే మోడల్‌కి చెందిన రబ్బరు మ్యాట్ వేశారు. దాని అంచు పెడల్‌ను పట్టుకుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ తరువాత బయటపడిన సంగతి. కొద్ది రోజుల ముందు ఇదే కారును, ఇదే మ్యాట్‌తో, మరో కస్టమరుకు ఇచ్చారు. ఆయనకూ పెడల్ ఇలాగే పట్టేసింది. ఆయన బ్రేకు గట్టిగా తొక్కి కొంత వేగం తగ్గించి, లివర్‌ను న్యూట్రల్‌లోకి తోశాడు. ఇంజిన్ పెద్దగా రొద చేసింది, బండి మాత్రం ఆగింది. దిగి చూసుకుని, మ్యాట్ లాగేసుకుని, వెళ్లిపోయాడు. అదే కారు, అదే మ్యాట్. తేడా ఆ ఒక్క అక్షరం.

ఆ ప్రమాదం తరువాత టయోటా లక్షల కార్లను వెనక్కి పిలిపించింది. ఎలక్ట్రానిక్స్‌లో దోషముందేమోనని అమెరికా ప్రభుత్వం నాసా ఇంజినీర్లతో కూడా పరీక్ష చేయించింది. అలాంటి దోషమేదీ దొరకలేదని 2011 ఫిబ్రవరిలో చెప్పారు. మ్యాట్లు, అంటుకుపోయే పెడళ్లు మాత్రం నిజమే. వాటి గురించి వినియోగదారులకు తప్పుడు మాటలు చెప్పినందుకు 2014లో ఆ కంపెనీ 120 కోట్ల డాలర్లు కట్టింది. డబ్బు సంగతి అలా ఉంచండి. ఇంటికెళ్లాక మీ కారులో డ్రైవర్ కాళ్ల దగ్గర ఎన్ని మ్యాట్లున్నాయో చూడండి. షోరూం వాళ్లిచ్చింది ఒకటి, దాని మీద వానాకాలానికి కొన్నది ఒకటి, దాని మీద బురద అంటకుండా పాత న్యూస్‌పేపరు. మనం జాగ్రత్తపరులం కదా! ఉండాల్సింది ఒక్కటే, అదీ కొక్కేలకు తగిలించి. సీటు కింద దొర్లే వాటర్ బాటిల్ కూడా అంతే ప్రమాదం. అది దొర్లుకుంటూ వచ్చి బ్రేకు పెడల్ కింద దూరిందంటే పెడల్ దిగదు.

సరే, బండి పరుగెడుతూ ఉంది, యాక్సిలరేటర్ పైకి రావడం లేదు. ఏం చేయాలి? ఒకే ఒక్కసారి బ్రేకు మీద బలమంతా పెట్టి తొక్కి అలాగే పట్టుకోండి. తొక్కి వదిలి, తొక్కి వదిలి చేయకండి. బ్రేకుకు బలాన్నిచ్చే బూస్టర్ ఇంజిన్ లాగే గాలి మీద ఆధారపడుతుంది. ఇంజిన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఆ బలం మళ్లీ పుట్టదు. రెండు మూడుసార్లు తొక్కేసరికి ఉన్న నిల్వ అయిపోయి, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. బ్రేకులు పనిచేయడం లేదని ఆ ఫోన్‌లో చెప్పారే, ఇలాంటి పరిస్థితిలో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

బ్రేకు పట్టుకునే ఎన్ లోకి తోయండి. డీ నుంచి ఎన్ కి రావడానికి మామూలు ఆటోమేటిక్‌లో లివర్ మీది బటన్ నొక్కనక్కరలేదు, ఊరికే ముందుకు నెడితే చాలు. తయారు చేసినవాళ్లు కావాలనే అలా పెట్టారు. కానీ ఒక చిక్కుంది. లివర్ పక్కకు జరిపి ఎమ్ లో, అంటే మాన్యువల్ వైపు పెట్టుకుని నడుపుతున్నారనుకోండి, అప్పుడు ముందుకు తోస్తే గేరు మారుతుందే తప్ప న్యూట్రల్ రాదు. ముందు డీ వైపు జరిపి, అప్పుడు ఎన్. గుండ్రంగా తిప్పే నాబ్, బటన్లు ఉన్న బండ్లలో ఎన్ దగ్గర ఒకటి రెండు సెకన్లు పట్టి ఉంచాల్సి రావచ్చు.

ఎన్ లోకి రాగానే ఇంజిన్ అరుస్తుంది. ఇప్పటిదాకా బండిని లాగిన బలమంతా ఖాళీగా తిరుగుతోంది కాబట్టి అరుస్తుంది. అరవనివ్వండి. ఒక హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు దానిలోనే ఉంది. ఆ శబ్దానికి భయపడి మళ్లీ డీ లోకి లాగేవాళ్లుంటారు, అదొక్కటి చేయకండి. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ స్టీరింగ్ తేలిగ్గానే తిరుగుతుంది. ఎడమ పక్కకు తెచ్చి, ఆపి, అప్పుడు ఇంజిన్ ఆపండి. పరుగులో ఉండగానే తాళం చెవి పూర్తిగా తిప్పేస్తే స్టీరింగ్ లాక్ అవుతుంది, ఆపదలో అది రెండో ఆపద. బటన్ స్టార్ట్ బండి అయితే ఒకసారి నొక్కితే ఆగదు. చాలావాటిలో మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. అదైనా న్యూట్రల్ కుదరకపోతేనే.

ఇప్పటిదాకా ఆగని బండి గురించి చెప్పాను. ఇక కదలని బండి. మనలో ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే.

కొంతకాలం క్రితం ఓ బంధువుల ఇంట్లో ఫంక్షన్. అపార్ట్‌మెంట్ గేటుకు అడ్డంగా ఒక ఆటోమేటిక్ కారు ఆగి, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. లివర్ పీ లో ఉంది, రానంటోంది. సరిగ్గా అప్పుడే లోపల మూడో అంతస్తులో ఒక పెద్దాయనకు ఛాతీ నొప్పి. ఆయన్ని ఎక్కించుకోవాల్సిన కారు ఈ కారు వెనక ఉంది. ఎనిమిది మంది కుర్రాళ్లు కలిసి తోస్తున్నారు. బండి ఊగుతోంది గానీ చక్రం తిరగడం లేదు. ఫంక్షన్‌కు వచ్చినవాళ్లలో మన ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఒకాయన ఉన్నారు. కాసేపు చూసి, "ఏటి బాబూ, ఊరికే తోసెస్తన్నారు? బ్రేకు పట్టేసిన వ్యాగన్ని ఎందరు తోసినా కదల్దు. ముందు ఆ పట్టు ఎక్కడ విప్పాలో చూడండి" అన్నారు. ఆయన జీవితంలో ఆటోమేటిక్ కారు నడపలేదు. కానీ పట్టు విప్పే చోటు ఎక్కడో ఉండితీరాలని ఆయనకు తెలుసు. గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవరు కూడా తీయని మాన్యువల్ ఉంది. అందులో బొమ్మ చూసి, లివర్ పక్కన చిన్న మూత ఊడదీసి, రెండు నిమిషాల్లో బండిని పక్కకు జరిపారు. పెద్దాయన వేళకు ఆసుపత్రికి చేరారు.

లోను కాగితాల ప్రతి పేజీ మీదా సంతకం పెట్టిస్తాం మనం, చదివినా చదవకపోయినా. ఈ మాన్యువల్ మీద సంతకం కూడా ఎవరూ అడగరు, అందుకే అది కవరు విప్పుకోదు.

ఆ తాళం ఎందుకుందో చెప్పడానికి మన బ్యాంకు భాషే బాగా పనికొస్తుంది. లాకరుకు రెండు తాళాలుంటాయి. కస్టమరు చెవి ఒకటి, మన మాస్టర్ చెవి ఒకటి. రెండూ పడితేనే తలుపు తెరుచుకుంటుంది. ఆటోమేటిక్ కారులో లివరు ఒక తాళం, బ్రేకు పెడల్ రెండోది. బ్రేకు తొక్కితేనే లివరు పీ నుంచి కదులుతుంది. రైల్వే కుటుంబాల వారికైతే ఇంకా తేలిక, ఇంటర్‌లాకింగ్ అంటే సరిపోతుంది. గేటు పడకుండా సిగ్నల్ పడదు, ఇదీ అంతే. 1986లో అమెరికాలో ఆడి 5000 అనే కారు తనంతట తానే దూకుతోందని టీవీలో పెద్ద కథనం వచ్చింది. గోల అంతా ఇంతా కాదు. చివరికి 1989లో అక్కడి ప్రభుత్వ సంస్థ తేల్చినదేమంటే, చాలావరకు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడమేనని. ఈలోపే ఆడి బ్రేకు తొక్కనిదే లివర్ కదలని ఏర్పాటు తెచ్చింది. తరువాత అది అందరి కార్లలోకీ వచ్చింది.

ఈ తాళాన్ని తెరిచేది ఒక చిన్న విద్యుత్ పరికరం. కరెంటు లేకపోతే అది తెరుచుకోదు. ఇక్కడ మళ్లీ బ్యాంకే గుర్తుకొస్తుంది. స్ట్రాంగ్ రూం చెవి ఉన్న అధికారి జ్వరంతో పడుకుంటే బ్రాంచి మూసేస్తామా? డూప్లికేట్ చెవులు మరోచోట దాచి ఉంటాయి. కారులో ఆ డూప్లికేట్ చెవి లివర్ పక్కనే ఉంటుంది. కొన్నిటిలో 'షిఫ్ట్ లాక్' అని రాసిన బటన్, కొన్నిటిలో చిన్న మూత కింద ఒక కన్నం. ముందు హ్యాండ్ బ్రేకు గట్టిగా వేయండి. ఇది మరిచిపోతే, పల్లం రోడ్డయితే బండి మీ చేతిలో ఉండదు. తరువాత కాలితో బ్రేకు తొక్కి, ఆ కన్నంలో తాళం చెవో చిన్న స్క్రూ డ్రైవరో పెట్టి కిందికి నొక్కుతూ లివర్‌ను ఎన్ లోకి లాగాలి. ఒక మనిషి డ్రైవర్ సీట్లో ఉండి, అప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలి, మిగతావాళ్లు తోయాలి. ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి స్టీరింగూ బ్రేకూ రెండూ మొండిగా ఉంటాయని సీట్లో కూర్చున్నవాళ్లకు ముందే చెప్పండి.

బ్యాటరీ బాగానే ఉండి, ఇంజిన్ నడుస్తూ, లివర్ మాత్రం పీ నుంచి రాకపోతే ఎవరినైనా కారు వెనక నిలబడి చూడమనండి. మీరు బ్రేకు తొక్కినప్పుడు వెనక ఎర్రలైట్లు వెలుగుతున్నాయా? వెలగకపోతే బ్రేకు దగ్గరి స్విచ్చో ఫ్యూజో పోయి ఉంటుంది. మీరు తొక్కుతున్న సంగతి కారుకు తెలియడం లేదన్నమాట. పదిలో చాలాసార్లు చిన్న రిపేరే, మెకానిక్ కూడా పెద్దగా అడగడు. వాలులో పార్క్ చేసినప్పుడు లివర్ బిగుసుకుపోవడం ఇంకో రకం. పీ అంటే లోపల ఒక చక్రం పళ్ల మధ్య దూరే చిన్న ఇనుప నాలుక. బండి బరువంతా దాని మీద పడితే అది ఇరుక్కుంటుంది. ఇద్దరు కలిసి బండిని ఎగువకు కాస్త నెట్టి పట్టుకుంటే ఊడివస్తుంది. అసలు ఇరుక్కోకుండా ఉండాలంటే ఆపేటప్పుడు బ్రేకు మీద కాలుంచి ఎన్ లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, కాలు వదిలి బరువు హ్యాండ్ బ్రేకు మీద నిలిచాక పీ లో వేయండి.

ఇదంతా అన్ని బండ్లకూ వర్తించదు. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలో మొదలైన ఏఎంటీ బండ్ల సంగతి వేరు. మన ఇళ్లలో ఎక్కువ ఇవే. లోపల ఉన్నది మామూలు గేరుబాక్సూ క్లచ్చే. మన కాలూ చెయ్యీ చేసే పని ఒక యంత్రం చేస్తుంది, అంతే. వీటిలో సాధారణంగా పీ ఉండదు. గేరులో ఉండగా బ్యాటరీ చచ్చిపోతే లివర్ ఎన్ లోకి హాయిగా వచ్చేస్తుంది, కానీ లోపల గేరు కదలదు. ఎందుకంటే ఆ లివర్ ఉత్త స్విచ్. అది మోసపూరితమైన న్యూట్రల్. దీనికి మందు మరో 12 వోల్టుల బ్యాటరీ నుంచి జంపర్ కేబుల్ వేయడమే. నాబ్ తిప్పే ఎలక్ట్రిక్ కార్లకూ దాదాపు అదే మాట. పెద్ద బ్యాటరీలో చార్జింగ్ నిండుగా ఉన్నా చిన్న 12 వోల్టుల బ్యాటరీ పోతే బండి గేరు మార్చదు. ఇంకొకటి, న్యూట్రల్ ఉన్నది నాలుగు అడుగులు తోయడానికి, నలభై కిలోమీటర్లు లాగడానికి కాదు. ఇంజిన్ ఆగితే చాలా ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో ఆయిల్ పంపు కూడా ఆగుతుంది. దూరం తీసుకెళ్లాలంటే లారీ మీద ఎక్కించాల్సిందే.

రైల్వే ఊళ్లో ఉంటూ పట్టాల సంగతి చెప్పకుండా దిగలేను. బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లు 2019 జనవరికల్లా పోయాయి. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో స్కూలు బస్సును రైలు ఢీకొన్న ఉదయం మన తెలుగువాళ్లెవరం మరిచిపోలేదు. అది కాపలా లేని గేటు. కాపలా ఉన్న గేట్లు మాత్రం మన దారుల్లో ఇంకా ఉన్నాయి. గేటు మధ్యలో, పట్టాల మీద ఆటోమేటిక్ కారు ఆగిపోయిందనుకోండి. కంగారులో మనిషి స్టార్ట్ బటన్ నొక్కుతూనే ఉంటాడు. ఇంజిన్ పలకదు. లివర్ డీ లోనే ఉంది కదా! డీ లో ఉంటే సెల్ఫ్ తీసుకోదు. ఎన్ లోకి తెచ్చి, బ్రేకు తొక్కి నొక్కితే మళ్లీ అంటుకోవచ్చు. అంటుకుంటే సరే. ఒకసారి చూశాక అంటుకోకపోతే బండిని మరిచిపోండి. అందర్నీ దింపండి, పిల్లల్ని ముందు. పట్టాలకు దూరంగా, రైలు వచ్చే దిక్కుకే ఏటవాలుగా పరుగెత్తండి. రైలు వెళ్లే దిక్కుకు వెళితే ఢీకొన్న బండి ముక్కలు మీవైపే ఎగిరి వస్తాయి. ఒకరు గేటుమ్యాన్ దగ్గరికి పరుగెత్తాలి. రైలును ఆపించే దారి ఆయనకు తెలుసు. రైలు ఆగిందని ఆయన చెప్పాకే బండిని ఎన్ లో పెట్టి తోసే మాట.

ఎంత వ్యవధి ఉంటుందో మన ఊరి లెక్కలో చెబుతాను. ఖరగ్‌పూర్ స్టేషన్ పొడవైన ప్లాట్‌ఫాం 1072 మీటర్లకు పైమాటే. ఎన్నో ఏళ్లు ప్రపంచంలోకెల్లా పొడవైనదని గొప్పగా చెప్పుకున్నాం, తరువాత గోరఖ్‌పూర్, ఆ తరువాత హుబ్బళ్లి ముందుకెళ్లాయి. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు ఆ ప్లాట్‌ఫాం ఈ చివరి నుంచి ఆ చివరికి 35 సెకన్లలో దాటేస్తుంది. ఆ చివర కనిపించిన రైలుకు మీ దగ్గరికి రావడానికి పట్టేది అంతే. మాన్యువల్ తీసి చదివే వ్యవధి కాదది.

సాలువాలో ఉన్నాం కాబట్టి ఇంకో మాట. ఇది ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ వారి ఊరు, వాయుసేన కేంద్రం ఉన్న ఊరు. తెల్లారితే డ్రిల్లు చప్పుడు వినిపిస్తుంది. వచ్చిన పనినే వాళ్లు రోజూ ఎందుకు చేస్తారో వేరే చెప్పనక్కరలేదు. మనం బ్రాంచిలో ఏడాదికోసారి ఫైర్ డ్రిల్ చేసి రిజిస్టరులో రాస్తాం. కారుకు రిజిస్టరు లేదు.

అందుకే నిర్వాహకుల అనుమతితో ఒక ఏర్పాటు చేశాను. టీ తాగాక అందరం బయట మైదానంలోకి వెళదాం. అయిదు రకాల కార్లు సమతలమైన చోట, చక్రాల కింద రాళ్లు పెట్టి నిలిపి ఉన్నాయి. ఇంజిన్ ఆపి షిఫ్ట్ లాక్ కన్నం వెతకడం మొదటిది. తరువాత ఖాళీ మైదానంలో నడక వేగంతో వెళుతూ, కళ్లు రోడ్డు మీదే ఉంచి, చూడకుండా చేత్తో డీ నుంచి ఎన్ కి రావడం. ఇంట్లో కారు ఎవరు నడుపుతారో వాళ్లే కాదు, పక్క సీట్లో కూర్చునేవాళ్లు కూడా రండి. నడిపే మనిషికి ఛాతీ నొప్పి వస్తే ఆ లివరు అందుకోవాల్సింది మీరే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు స్టీరింగ్ ముట్టుకోకూడదు గానీ, టార్చిలైటు పట్టుకుని కన్నం వెతికే పని వాళ్లదే. ముందుగా మేడమ్‌లు, తరువాత రిటైరైన పెద్దలు, ఆఖర్న మా ఆఫీసర్లం. టీ చల్లారిపోతోంది, పదండి.